లైటు వెలుగుతుంది, సెల్ఫ్ తిరగదు

మా వైపు పాత ట్రాక్టర్ సెల్ఫ్ ఎలా ఉందో తెలుసుకోవాలంటే బానెట్ ఎత్తక్కర్లేదు. రాత్రిపూట దాన్ని ఎక్కడ నిలిపారో చూస్తే చాలు. ఇంటి ముందు చదునులో ఉంటే సెల్ఫ్ బాగున్నట్టు. వంద గజాలు అవతల, కాలవ గట్టు దిగే ర్యాంపు మీద ముక్కు పల్లానికి పెట్టి, చక్రాల ముందు బండరాళ్లు అడ్డం వేసి ఉంటే, పొద్దున్నే రాళ్లు తీసి దొర్లించి స్టార్ట్ చేసుకునే బండి అని అర్థం. మా బాబాయి ట్రాక్టర్ ఒక చలికాలమంతా ఆ ర్యాంపు మీదే కాపురం చేసింది.

ఆ ఏడు దసరాకి దానికి కొత్త రంగు వేయించారు. సార్వా దమ్ములయ్యాక పాకలో ఖాళీగా ఉన్న బండిని పెళ్లికొడుకులా ముస్తాబు చేసి, ఆయుధపూజ చేసి, చక్రాలతో నిమ్మకాయలు తొక్కించారు. ఆ రోజు సెల్ఫ్ కాస్త బద్ధకంగా తిరిగింది. ఇంజన్ అందుకుంది కదా అని ఎవరూ పట్టించుకోలేదు. డిసెంబరులో ధాన్యం బస్తాలు తోలాల్సిన రోజున తాళంచెవి తిప్పితే ‘టిక్’ అన్న చప్పుడొక్కటే వచ్చింది. హారన్ వీధి చివరిదాకా మోగింది, హెడ్‌లైట్లు ధగధగా వెలిగాయి. సెల్ఫ్ కొట్టగానే మాత్రం అవే లైట్లు ఆముదం దీపాలైపోయేవి.

“బ్యాటరీ డౌన్” అన్నారు చూసినవాళ్లంతా. కొత్త బ్యాటరీ వచ్చింది, సెల్ఫ్ తిరగలేదు. సెల్ఫ్ మోటార్ విప్పి టౌనుకి పంపి కార్బన్లు, బుష్‌లు మార్పించారు. అప్పుడూ అంతే. చివరికి దొరికిన దోషాన్ని సరిచేయడానికి ఒక పాన్నా, అరచేతి వెడల్పు గరుకు కాగితం సరిపోయాయి. అదేమిటో తెలియాలంటే తాళంచెవి తిప్పినప్పుడు లోపల ఏం జరుగుతుందో ముందు చూడాలి.

తిరగడం వేరు, అందుకోవడం వేరు

“బండి స్టార్టవడం లేదు” అనే మాటలో రెండు రోగాలు కలిసిపోయి ఉంటాయి. సెల్ఫ్ గిర్రున తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే చూడాల్సింది డీజిల్ దారి: ట్యాంకు ఖాళీ అయిందా, ఫిల్టర్ మూసుకుపోయిందా, పైపుల్లో గాలి చేరిందా అని. సెల్ఫే తిరగకపోతే అటువైపు చూసి లాభం లేదు. ఇంజన్ ఇంకా డీజిల్ అడిగే దాకా రాలేదు. మనం మాట్లాడుకునేది ఈ రెండో రోగం గురించే.

డీజిల్ ఇంజన్‌లో నిప్పు పుట్టించే స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోకి పీల్చుకున్న గాలిని పిస్టన్ పదహారో పదిహేడో వంతుకు నొక్కేస్తుంది. సైకిల్ పంపు గబగబా కొడితే దాని అడుగు వేడెక్కడం అందరికీ తెలుసు. ఇక్కడ నొక్కుడు ఇంకా ఎక్కువ కాబట్టి గాలి 400, 500 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. అందులోకి డీజిల్ తుంపర పడగానే దానంతటదే అంటుకుంటుంది.

ఈ నొక్కుడు మెల్లగా జరిగితే కుదరదు. పంపును నింపాదిగా కొడితే వేడి పుట్టినట్టే పుట్టి ఆరిపోతుంది. అలాగే ఇంజన్ నెమ్మదిగా తిరిగితే గాలిలోని వేడిని సిలిండర్ గోడలు తాగేస్తాయి, గాలి కూడా కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి జారుకుంటుంది. కాబట్టి ఇంజన్ నిమిషానికి కనీసం వంద చుట్లు, సుఖంగా అందుకోవాలంటే 150 నుంచి 200 చుట్లు తిరగాలి. మూలుగుతూ తిరిగే బండి సైలెన్సర్ నుంచి తెల్లపొగ వదలడం చూసే ఉంటారు. అది కాలకుండా బయటికొచ్చిన డీజిల్ ఆవిరి.

తొమ్మిది సెంటీమీటర్ల వ్యాసమున్న పిస్టన్ మీద, నొక్కుడు చివర్లో గాలి తోసే ఎదురుబలం దాదాపు ఒకటిన్నర, రెండు టన్నుల బరువుకు సమానం. మూడు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 200 చుట్లు తిరగాలంటే సెకనుకు ఐదుసార్లు ఆ కొండ ఎక్కి దిగాలి. ర్యాంపు చేసే మేలు ఇక్కడే ఉంది. 1,800 కిలోల ట్రాక్టర్ ఒక్క మీటరు ఎత్తు దిగితే వచ్చే శక్తి, రెండు కిలోవాట్ల సెల్ఫ్ మోటార్ ఎనిమిది, తొమ్మిది సెకన్లు తిరిగినప్పుడు ఇచ్చేదానికి సాటి వస్తుంది. బాబాయి రోజూ పొద్దున బ్యాటరీ బదులు కాలవ గట్టు ఎత్తును వాడుకున్నాడన్నమాట. అడ్డం వేసిన రాయి రాత్రిపూట జారితే ఆ శక్తే బండిని కాలవలో పడేస్తుంది, అది వేరే సంగతి.

కొద్ది సెకన్ల పహిల్వాన్

ఒకప్పుడు కార్లకైనా ట్రాక్టర్లకైనా ముందు హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పేవాళ్లు. ఇంజన్ వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. మోటారుతో తిప్పుదామంటే, ఇంజన్‌ను కదిలించేంత మోటారు ఇంజనంత ఉండాలి కదా, దాన్ని ఎక్కడ మోయిస్తామని ఇంజనీర్లు కొట్టిపారేసేవారు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అంతకుముందు దుకాణాల్లో గల్లాపెట్టె యంత్రాలకు మోటార్లు అమర్చిన మనిషి. సొరుగు తెరవడానికి మోటారు ఒక్క క్షణం పనిచేస్తే చాలని ఆయనకు ఆ పనిలోనే తెలిసింది. ఇంజన్‌దీ అదే అవసరం. కొద్ది సెకన్లే తిరిగే మోటారు మీద దాని శక్తికి మించిన బరువు వేసినా, వేడెక్కి కాలిపోయేలోపు పని ముగించి చల్లారుతుంది. ఆ లెక్కతో చేసిన సెల్ఫ్ స్టార్టర్ 1912 కాడిలాక్ కారుతో జనంలోకి వచ్చింది.

చిన్న మోటారుతో పెద్ద పని చేయించే ఈ ఒప్పందంలో ఒక షరతు ఉంది: అది కొద్ది సెకన్లకే. పదిహేను సెకన్లకు మించి సెల్ఫ్ నొక్కి పట్టుకోకూడదు. అందుకోకపోతే ఒకట్రెండు నిమిషాలు ఆగి మళ్లీ కొట్టాలి. “ఇంకొంచెం పట్టు, అందుకునేలా ఉంది” అని పక్కనున్నవాళ్లు ఇచ్చే సలహా వల్ల మోటారు లోపల తిరిగే తీగచుట్టలు, అదే ఆర్మేచర్లు, ఎన్ని మాడిపోయాయో లెక్కలేదు.

సెల్ఫ్‌లో ఉండేది సిరీస్ మోటార్. పాత ఎలక్ట్రిక్ రైలింజన్లలోనూ, ఇంట్లో మిక్సీలోనూ ఈ జాతి మోటార్లే. ఆగి ఉన్నప్పుడే దీని లాగుడు అన్నిటికంటే ఎక్కువ. మోటారు తిరిగే కొద్దీ లోపల ఎదురు వోల్టేజి పుట్టి, వచ్చే కరెంటును తగ్గిస్తూ ఉంటుంది. తిరగకుండా ఆగిపోతే ఆ అడ్డు ఉండదు, కరెంటు వరదలా వచ్చిపడుతుంది. బిగుసుకున్న ఇంజన్ మీద సెల్ఫ్ కొడుతూ కూర్చుంటే తీగలు కాలేది ఇందుకే.

లష్కరు చేసే రెండు పనులు

తాళంచెవి దగ్గర ఉండేవి సన్న తీగలు. సెల్ఫ్ తాగే కరెంటు వాటిలోంచి పోతే నిమిషంలో బూడిదవుతాయి. కాబట్టి తాళంచెవి కరెంటును మోయదు, కబురు మాత్రం పంపుతుంది. కాలవ ఆఫీసు నుంచి చీటీ వస్తే లష్కరు వెళ్లి షట్టర్ ఎత్తినట్టు, సెల్ఫ్ వీపు మీద ఉండే సోలనాయిడ్ అనే గుండ్రటి డబ్బా ఆ కబురు అందుకుంటుంది. లోపలి తీగచుట్ట అయస్కాంతమై ఒక ఇనప కడ్డీని లాగుతుంది.

ఆ కడ్డీ ఒక వరసలో రెండు పనులు చేస్తుంది. ముందు ఒక లివర్‌తో చిన్న పళ్ల చక్రాన్ని నెట్టి, ఇంజన్‌తో తిరిగే ఫ్లైవీల్ అనే పెద్ద చక్రం చుట్టూ ఉన్న రింగ్ గేర్‌తో కలుపుతుంది. మన మెకానిక్‌లు ఈ చిన్న చక్రాన్ని, దాని సరంజామాను కలిపి బెండిక్స్ అంటారు. పళ్లు కలిశాక, కడ్డీ చివర ఉన్న రాగి బిళ్ల రెండు లావాటి బోల్టుల మధ్య పడి షట్టర్ తెరుచుకుంటుంది. బ్యాటరీ కరెంటు మోటారులోకి దూకుతుంది. మనం వినే ‘టిక్’ లష్కరు పని మొదలెట్టిన చప్పుడు.

రింగ్ గేర్ పెద్దది, బెండిక్స్ చక్రం చిన్నది. మోటారు పది పన్నెండు చుట్లు తిరిగితే ఇంజన్ ఒక చుట్టు తిరుగుతుంది, లాగుడు అన్ని రెట్లు పెరుగుతుంది. ఇంజన్ అందుకున్నాక ఇదే లెక్క తిరగబడుతుంది. ఇంజన్ నిమిషానికి వెయ్యి చుట్లు అందుకుంటే, కలిసి ఉన్న మోటారు పదివేలు తిరిగి చుట్టలు చెదిరిపోవాలి. అలా కాకుండా బెండిక్స్‌లో సైకిల్ ఫ్రీవీల్ లాంటి ఏర్పాటు ఉంటుంది, ఒకవైపు పట్టు, రెండోవైపు జారుడు. అరిగిన ఫ్రీవీల్‌తో సైకిల్ పెడల్ ఉత్తినే తిరిగినట్టు, ఇది అరిగితే సెల్ఫ్ రయ్యిమంటుంది కానీ ఇంజన్ కదలదు.

పిల్లకాలవకు చాలిన తూము వరదకు చాలదు

ఇప్పుడు అసలు చిక్కు. లైట్లు వెలిగాయంటే బ్యాటరీలో ప్రాణం ఉంది. మరి సెల్ఫ్ ఎందుకు తిరగలేదు?

రెండు కిలోవాట్ల పని ఇంట్లో గీజరు చేస్తుంది. ఇంటి కరెంటు ఒత్తిడి 230 వోల్టులు కాబట్టి దానికి తొమ్మిది ఆంపియర్లు చాలు. ట్రాక్టర్‌లో ఉన్నది 12 వోల్టులే, సెల్ఫ్ కొట్టినప్పుడు పదికి కూడా దిగుతుంది. ఒత్తిడి తక్కువైతే ప్రవాహం పెరగాలి. అందువల్ల సెల్ఫ్ 200 ఆంపియర్లు, ఒక్కోసారి అంతకు మించి లాగుతుంది. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ ఒక ఆంపియర్‌లో మూడో వంతు తీసుకుంటుందని గుర్తుంచుకుంటే ఈ అంకె ఎంతో తెలుస్తుంది. ట్రాక్టర్ హెడ్‌లైట్లు రెండూ కలిపి తాగేది ఎనిమిది ఆంపియర్లు.

చెరువు తూములో పూడిక చేరిందనుకోండి. పిల్లకాలవలో పారే సన్న ధారకు ఆ పూడిక అడ్డమే కాదు. ఊరంతటి ఆయకట్టుకు ఒకేసారి నీళ్లు వదలాలంటే మాత్రం తూము చాలదు. చెరువు నిండుగానే ఉంటుంది, చివరి పొలం ఎండిపోతుంది. బ్యాటరీ చెరువు, కేబుళ్లు కాలవలు, బోల్టు కింద చిలుం పూడిక.

చిన్న లెక్క: కంటికి కనపడని అడ్డు

వదులైన ఒక జాయింటులో ఓమ్‌లో యాభయ్యో వంతు నిరోధం ఉందనుకుందాం. మామూలు మీటరుతో కొలిస్తే దాదాపు సున్నా అనే చూపిస్తుంది. లైట్లకు పోయే ఎనిమిది ఆంపియర్లు దాన్ని దాటేటప్పుడు పోగొట్టుకునేది 0.16 వోల్టు. లైటులో తేడా కంటికి తెలియదు. సెల్ఫ్ కోసం 200 ఆంపియర్లు దాటాలంటే అదే జాయింటు నాలుగు వోల్టులు మింగేస్తుంది. పన్నెండులో మూడో వంతు మోటారు చేరకముందే ఖతం. ఆ నాలుగు వోల్టులు, 200 ఆంపియర్లు కలిసి ఆ బోల్టు దగ్గర 800 వాట్ల వేడి అవుతాయి. ఇస్త్రీపెట్టె వేడి అంత ఉంటుంది. సెల్ఫ్ రెండుమూడుసార్లు కొట్టాక ఏ జాయింటు వెచ్చబడిందో వేలితో మెల్లగా తాకి చూసే పాత మెకానిక్ గుడ్డిగా తడమడం లేదు. అతను వోల్టులు ఎక్కడ పోతున్నాయో కొలుస్తున్నాడు.

ముందు చెవి, తరవాత చెయ్యి

పాన్నా పట్టుకునే ముందు ఒక పని చేయండి. హెడ్‌లైట్లు వేసి, సెల్ఫ్ కొట్టి, చెవి రిక్కించండి. చాలావరకు ఆ బండే చెప్పేస్తుంది.

చప్పుడే లేదు, లైట్లలో మార్పు లేదు. అంటే కబురు లష్కరుకు చేరలేదు. ఫ్యూజు, తాళంచెవి స్విచ్, సోలనాయిడ్‌కి వెళ్లే సన్న తీగ, క్లచ్ పెడల్ దగ్గరో గేర్ లివర్ దగ్గరో ఉండే సేఫ్టీ స్విచ్ చూడాలి. గేర్‌లో ఉండగా సెల్ఫ్ కొట్టినా బండి దూకకుండా కాపాడేది ఈ సేఫ్టీ స్విచ్చే. లివర్ సరిగ్గా న్యూట్రల్‌లో పడకపోయినా సెల్ఫ్ మౌనం వహిస్తుంది. 1946లో వచ్చిన ఫెర్గూసన్ టీఈ20 ట్రాక్టర్‌లో ఈ ఏర్పాటు ఇంకా ముచ్చటగా ఉండేది. గేర్ లివర్‌నే ‘ఎస్’ అనే గుర్తు దగ్గరికి తోస్తే సెల్ఫ్ తిరిగేది, కాబట్టి గేర్‌లో ఉంచి స్టార్ట్ చేయడం కుదిరేది కాదు.

టిక్‌టిక్‌టిక్ అని మిషన్ కుట్టినట్టు చప్పుడు. నాకు అన్నిటికంటే ఇష్టమైన రోగం ఇది, ఎందుకంటే ఇందులో బడి గంట దాగి ఉంది. సోలనాయిడ్‌లో రెండు తీగచుట్టలుంటాయి. ఒకటి బలంగా లాగేది, ఇంకొకటి లాగినదాన్ని పట్టి ఉంచేది. షట్టర్ తెరుచుకోగానే లాగే చుట్ట పని ఆగిపోతుంది, కడ్డీ బరువంతా పట్టుకునే చుట్ట మీద పడుతుంది. సరిగ్గా అదే క్షణంలో మోటారు కరెంటును గుంజేస్తుంది. బలహీనమైన బ్యాటరీ వోల్టేజి కుప్పకూలుతుంది. పట్టుకునే చుట్ట పట్టు తప్పుతుంది, స్ప్రింగు కడ్డీని వెనక్కి తోస్తుంది, షట్టర్ మూతపడుతుంది. భారం తీరిన బ్యాటరీ మళ్లీ లేస్తుంది, లష్కరు మళ్లీ లాగుతాడు, మళ్లీ కూలుతుంది. సెకనుకు ఎన్నోసార్లు. కరెంటు వస్తే సుత్తి కదిలి తన కరెంటును తానే తెంపుకుని మళ్లీ వెనక్కి వచ్చే పాత ఎలక్ట్రిక్ గంట కథ కూడా ఇదే. ఈ చప్పుడు వింటే బ్యాటరీనో, దాని కొమ్ముల (టెర్మినళ్ల) మీది బిగింపులనో అనుమానించండి. సోలనాయిడ్ కొనడానికి పరిగెత్తకండి.

ఒకే ఒక టిక్, లైట్లు చెక్కుచెదరకుండా వెలుగుతున్నాయి. లష్కరు వచ్చాడు, షట్టర్ ఎత్తాడు, నీళ్లు రాలేదు. సోలనాయిడ్ లోపలి రాగి బిళ్ల కాలి నల్లబడి ఉండొచ్చు, మోటారులోకి కరెంటు అందించే కార్బన్లు అరిగి ఆర్మేచర్‌ను తాకకపోవచ్చు. సెల్ఫ్ ఒంటిమీద సుత్తి పిడితో రెండు తట్లు తడితే తిరిగే బండ్లు ఉంటాయి. ఆ తట్టుతో కార్బన్ ఒక్క క్షణం సర్దుకుంటుంది. అది వైద్యం కాదు, కార్బన్లు మార్చే రోజు వచ్చిందనే కబురు.

గరగరమని పళ్లు కొరికిన చప్పుడు. ఇంజన్ ఆగేటప్పుడు ఎక్కడ పడితే అక్కడ ఆగదు. ఊపు తగ్గేసరికి ఏదో ఒక పిస్టన్ గాలిని నొక్కలేక ఆగిపోతుంది. మూడు సిలిండర్ల ఇంజన్ అయితే ఫ్లైవీల్ ఎప్పుడూ ఇంచుమించు మూడు చోట్లలో ఒకచోటే నిలుస్తుంది, నాలుగు సిలిండర్లయితే రెండు చోట్లలో. ఏళ్ల తరబడి బెండిక్స్ ఆ చోట్లనే కొడుతుంది కాబట్టి రింగ్ గేర్ పళ్లు అక్కడే అరుగుతాయి. బండిని గేర్‌లో పెట్టి జానెడు వెనక్కి తోసి, మళ్లీ న్యూట్రల్ చేసి కొడితే తిరిగిందంటే కారణం ఇదే.

టిక్ అంది, లైట్లు ఆరిపోయినంత పనైంది. ఇది మా బాబాయి బండి లక్షణం. దీనికి మూడు కారణాలుంటాయి: బ్యాటరీ బలహీనం కావడం, ఇంజనో మోటారో బిగుసుకోవడం, లైట్లకూ సెల్ఫ్‌కూ ఉమ్మడిగా ఉన్న దారిలో పూడిక. జనం మొదటిదాని దగ్గరే ఆగిపోతారు. కొత్త బ్యాటరీ అమ్ముడయ్యేది ఇక్కడే.

ఎర్త్ అనే తప్పు పేరు

బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు ఒకటే లావు కేబుల్ పోతుంది. తిరిగి రావడానికి వేరే కేబుల్ లేదు, ట్రాక్టర్ ఇనప ఒళ్లే ఆ దారి. ఆ ఒంటి నుంచి బ్యాటరీ మైనస్ కొమ్ముకు చేర్చే జడలాంటి రాగి పట్టీని మనం ఎర్త్ వైరు అంటాం. రబ్బరు టైర్ల మీద నిలబడ్డ బండికి భూమితో పనేముంది! ఎర్త్ అనేసరికి ఏదో రక్షణ కోసం పెట్టింది, కాస్త వదులైనా ఫరవాలేదు అనుకుంటారు. ప్లస్ కేబుల్‌లో పోయిన 200 ఆంపియర్లూ ఒక్కటి తగ్గకుండా ఈ పట్టీ మీదుగానే వెనక్కి రావాలి.

బాబాయి బండికి మీటరు పట్టింది పక్క ఊళ్లో మోటార్లు చుట్టే కుర్రాడు. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ సీసపు కొమ్ముల మీద సూదులు పెడితే 11.7 చూపించింది. లైట్లు అంతగా మసకబారుతున్నా బ్యాటరీ దిట్టంగానే ఉంది. అంటే వోల్టులు దారిలో పోతున్నాయి. ఒక సూది మైనస్ కొమ్ము మీద ఉంచి, రెండోది గేర్‌పెట్టె మీద పాన్నాతో గీసిన చోట ఆనిస్తే నాలుగు దాటింది. అక్కడ ఉండాల్సింది దాదాపు సున్నా.

దసరాకి రంగు వేసినవాళ్లు పట్టీ విప్పి, గేర్‌పెట్టెకు రెండు పూతలు వేసి, ఆరాక ఆ రంగు మీదే పట్టీ బిగించారు. రంగు కరెంటును పోనివ్వదు. బోల్టు మరల అంచుల్లో ఇనుముకు ఇనుము తగిలినంత మేర కొద్దిగా దారి మిగిలింది. లైట్లకు అది సరిపోయింది, సెల్ఫ్‌కు చాల్లేదు. దసరా ఎండలో ఎలాగో అందుకున్న ఇంజన్, డిసెంబరు మంచుకు ఆయిల్ చిక్కబడి, బోల్టు కింద చిలుం కూడా చేరేసరికి మొండికేసింది. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన కాస్త గ్రీజు రాస్తే మొదటి దెబ్బకే అందుకుంది.

మీటరు ఎలా పట్టాలి

ఇంజన్ ఆపే నాబ్ లాగి ఉంచితే సెల్ఫ్ కొట్టినా ఇంజన్ అందుకోదు. ఒకరు సీటులో కూర్చుని న్యూట్రల్‌లో కొడుతుంటే ఇంకొకరు కొలవాలి. కొమ్ముల మధ్య 9.6 వోల్టుల కంటే కిందికి పడితే బ్యాటరీ బలహీనం, లేదా మోటారు బిగుసుకుని మితిమీరి లాగుతోంది. మైనస్ కొమ్ము నుంచి ఇంజన్ ఒంటికి 0.3 దాటకూడదు. ప్లస్ కొమ్ము నుంచి సెల్ఫ్ మీది లావు బోల్టుకు అర వోల్టు దాటకూడదు. సూదిని బిగింపు మీద పెట్టొద్దు, సీసపు కొమ్ము మీదే పెట్టండి. రెండింటి మధ్య ఉన్న చిలుమే దొంగ కావచ్చు. కొమ్ముల మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడగండి. సోడా ఆమ్లాన్ని విరిచేస్తుంది, నురగ రావడం ఆగితే శుభ్రమైనట్టు. మూతలు గట్టిగా ఉన్నాయో లేదో ముందు చూసుకోండి, సోడా నీళ్లు లోపల పడితే బ్యాటరీ ఆమ్లమే విరిగిపోతుంది. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. అలా చేస్తే పాన్నా బండి ఒంటికి తగిలినా మెరుపులు రావు.

బ్యాటరీ నిజంగా పోయినప్పుడు

ఎర్త్‌ను తప్పుపట్టానని బ్యాటరీ ప్రతిసారీ అమాయకురాలని కాదు. సీసం, ఆమ్లం కలిసిన ఈ బ్యాటరీని ఫ్రాన్సులో గాస్తోన్ ప్లాంటే 1859లో చేశాడు. దాని స్వభావం ఇప్పటికీ మారలేదు. కరెంటు ఇచ్చేకొద్దీ పలకల మీద సీసపు సల్ఫేటు పొర కడుతుంది, ఛార్జింగ్ పెడితే కరిగిపోతుంది. నెలల తరబడి ఛార్జింగ్ లేకుండా వదిలేస్తే ఆ పొర గట్టి స్ఫటికాలుగా పేరుకుని, ఎంత ఛార్జింగ్ పెట్టినా కరగదు. ట్రాక్టర్ దమ్ముల్లో రెండు నెలలు రాత్రింబవళ్లు తిరిగి, తరవాత నెలలు పాకలో నిద్రపోతుంది. బ్యాటరీని చంపేది దమ్ములు కాదు, ఆ నిద్ర. మన ఎండలు ఆ చావును ఇంకా తొందరపెడతాయి, వేడికి బ్యాటరీ తనంతట తాను వేగంగా దిగిపోతుంది. నెలకోసారి ఛార్జింగ్ పెట్టించడం, పలకలు తేలకుండా డిస్టిల్డ్ వాటర్ పోయడం చాలు. బోరునీళ్లు పోయకండి, అందులోని లవణాలు పలకలను తినేస్తాయి.

నిలకడగా ఉన్న బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టులు చూపిస్తుంది, 12 దగ్గర ఉంటే నాలుగో వంతు మిగిలినట్టు. 10.5 చూపిస్తే ఆరు గదుల్లో ఒకటి చచ్చిపోయిందని దాదాపు చెప్పేయొచ్చు, ఒక్కో గది వాటా రెండు వోల్టుల పైచిలుకు కదా.

ఇంజనే బిగుసుకుంటే

బ్యాటరీ బాగుంది, దారి బాగుంది, అయినా మోటారు గురక పెట్టి ఆగిపోతోందంటే సెల్ఫ్ కొట్టడం అక్కడితో ఆపేయండి. నిలువు సైలెన్సర్ మూతి మీద పాత డబ్బా బోర్లించే అలవాటు మన పల్లెల్లో ఎక్కడైనా కనిపిస్తుంది. దాని వెనక గట్టి కారణం ఉంది. వాన నీళ్లు సైలెన్సర్‌లోంచి దిగి, తెరుచుకుని ఉన్న ఎగ్జాస్ట్ వాల్వు మీదుగా సిలిండర్‌లో చేరతాయి. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. బ్యాటరీ బలమైనదైతే నష్టం ఇంకా ఎక్కువ, కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. హెడ్ గ్యాస్కెట్ పోయి రేడియేటర్ నీళ్లు చేరినా ఇదే గతి. ముందు ఇంజెక్టర్లు విప్పి, ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పి, నీళ్లు బయటికి చిమ్మనివ్వాలి. ఏళ్ల తరబడి నిలిపి ఉంచడం వల్ల రింగులు తుప్పుతో సిలిండర్‌కు అతుక్కుంటే, డీజిల్ కలిపిన ఆయిల్ పోసి రోజుల తరబడి నానబెట్టడమే మందు. గడ్డపారతో బలం చూపించే పని కాదు.

స్క్రూడ్రైవర్ జోలికి వెళ్లొద్దు

సెల్ఫ్ తిరగనప్పుడు పెద్ద చక్రం పక్కన నిలబడి, సోలనాయిడ్ బోల్టుల మధ్య స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి మెరిపించడం మనవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. సెల్ఫ్ తిరుగుతుంది కూడా. ఎందుకంటే ఆ స్క్రూడ్రైవర్ తాళంచెవిని, సేఫ్టీ స్విచ్‌ను రెండింటినీ దాటేసింది. బండి గేర్‌లో ఉంటే ఇంజన్ అందుకున్న క్షణంలోనే ముందుకు దూకుతుంది, మనిషి నిలబడి ఉన్నది సరిగ్గా వెనక చక్రం దారిలో. తప్పుకోవడానికి సెకను కూడా దొరకదు. పాత ట్రాక్టర్ల కింద ప్రాణాలు పోయే తీరుల్లో ఇదొకటి. ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి, దాని పక్కన ఆ నిప్పురవ్వ ఇంకో ప్రమాదం.

సేఫ్టీ స్విచ్ పాడైతే దాన్ని తప్పించి తీగ కలపకండి, మార్పించండి. సీటు మీద కూర్చుని, గేర్ లివర్‌ను అటూ ఇటూ ఊపి న్యూట్రల్ అని చూసుకుని, అప్పుడు తాళం తిప్పండి. నేల మీద నిలబడి మాత్రం ఏ ట్రాక్టర్‌నీ స్టార్ట్ చేయకండి.